రెండించుల లూజు

ఆదివారం పొద్దున టీ తాగేలోపే తన యాప్ కొత్త వెర్షన్ రిలీజ్ అయిపోవాలని నజియా అనుకుంది. ఆ సంగతి వారం ముందు నుంచి అందరికీ చెబుతూనే ఉంది. బుధవారం తర్వాత కోడ్‌లో ఎవరూ వేలు పెట్టకూడదు, అక్షర దోషాలు తప్ప ఇంకేమీ దిద్దకూడదు అని గ్రూపులో పెట్టింది. పెడితే చేతులు విరుస్తానని రాయలేదు గానీ, రాసిన తీరు చూస్తే చదివినవాళ్లకు ఆ మాటే వినిపించింది.

నజియా భద్రాచలంలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఉండేది గోదావరికి ఇవతల బూర్గంపాడులో. తండ్రి జహూర్‌కు అక్కడే టైలర్ షాపుంది. ఆయన గిరాకీల కొలతలు చీటీల మీద రాసుకుని, ఆ చీటీలు చొక్కా జేబులో పెట్టుకుని, ఆ చొక్కాను ఉతుక్కి వేసేవాడు. ఆ బాధ పడలేక నజియా ‘కొలత’ అనే యాప్ తయారు చేసింది. మనిషి కొలతలు అందులో ఎక్కిస్తే చాలు, బట్ట కత్తిరించడానికి కావలసిన చీటీ అచ్చై బయటికి వస్తుంది. అక్కడితో ఊరుకోకుండా దాన్ని కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలికి చూడవచ్చు, బాగుచేసి పంపవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే.

ఊరికే ఇచ్చిన వస్తువును జనం ఎంత హక్కుగా తిడతారో ఆమెకు ఆ తర్వాతే తెలిసింది. మీట రంగు బాగాలేదు, రేపటికల్లా మార్చండి అని ఒకడు హుకుం జారీ చేస్తాడు. ఇంకొకడు ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, ‘యాప్ మంచిదే, మా టైలరే మంచోడు కాదు’ అని కింద రాస్తాడు. వాటన్నిటికీ నజియా పళ్లు బిగించి, మర్యాద తప్పకుండా జవాబులిస్తూ వచ్చింది. ఆ మర్యాద ఈ మధ్య పలచబడుతోంది.

ఈ పనిలో ఆమెకు ఇద్దరు తోడున్నారు. వాసు మణుగూరు దగ్గర బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. షిఫ్టు దిగి స్నానం చేసి కోడ్ రాస్తాడు. సారంగపాణిది ఎర్రుపాలెం. తెలుగు పంతులుగా రిటైరై, యాప్‌లో ‘ఛాతీ’కి వత్తు ఉండాలా వద్దా అని ఉత్తరం రాసి, ఆ ఉత్తరంతోనే ప్రాజెక్టులో చేరిపోయాడు. ఏ మార్పునైనా రాసినవాళ్లు కాక మిగతా ఇద్దరూ చూసి సరేనంటేనే కలపాలని నజియా రూలు పెట్టింది. ఆ రూలంటే ఆమెకు ఎంతో గర్వం.

పొద్దున్నే వాసు ఫోన్ చేశాడు. “అక్కా, కోడ్ పరీక్షలన్నీ అయినయ్. ఏడ తప్పు లేదు, అంతా పచ్చగున్నది. ఇగ వదులు.”

నజియా మీట నొక్కింది. కొలత రెండో వెర్షన్ లోకంలోకి వెళ్లింది. టీ ఇంకా వేడిగానే ఉంది.

“అబ్బాజాన్, కొత్తది వచ్చింది. బ్యాండోళ్ల చీటీలు దీంట్లకెల్లే తియ్యి” అంది తండ్రితో.

“పాతది ఖరాబైందా?”

“ఖరాబు కాలే. కొత్తది ఇంకా మంచిగుంటది.”

“ఖరాబు కాందాన్ని ఎందుకు మార్చినవ్ బేటీ?”

ఊళ్లో టైలర్లంతా అడిగే ప్రశ్న ఇంట్లో తండ్రి కూడా అడిగేసరికి ఆమెకు ఒళ్లు మండింది. విసవిసా చీటీలన్నీ అచ్చు తీసి కత్తెర పక్కన పెట్టింది.

ఆ చీటీలు బొజ్జయ్య బ్యాండు మేళానివి. అడవి అంచు ఊళ్లలో బొజ్జయ్య మేళం లేకుండా పెళ్లి జరగదు. అయితే అక్కడి పెళ్లిళ్లకు బట్టల పట్టింపు లేదు, పాత కోట్లతోనే సరిపోతుంది. ఈ గురువారం భద్రాచలంలో పెళ్లి మాత్రం ఖమ్మం నుంచి వస్తున్న పెద్దవాళ్లది. వాళ్లకు నచ్చితే ఈ సీజనంతా టౌన్ పెళ్లిళ్లే. నచ్చకపోతే ఇక పిలిచే దిక్కుండదు. అందుకని బొజ్జయ్య ఎర్ర కోట్లు, తెల్ల ప్యాంట్లు, భుజాల మీద జరీ పట్టీలతో మేళమంతటికీ యూనిఫాం కుట్టమన్నాడు. నజియా మేళంవాళ్ల ఊరికి వెళ్లి తానే కొలతలు తీసుకొచ్చింది. జహూర్ మేళం మోత విన్నాడే గానీ, వాళ్లను ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు.

చీటీలు చూసి ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. “ఏందే, బ్యాండోళ్లు గింత బలిసిండ్రు?”

“నాకేం తెల్సు? రోజూ పెండ్లి భోజనాలే గదా!”

అదీ నిజమేనని జహూర్ తలూపాడు. టైలర్ ఎప్పుడూ ఒంటి కొలత మీద కొంత లూజు కలిపి బట్ట కత్తిరిస్తాడు. ఆయన కూడా ఎప్పటిలాగే తన అలవాటు ప్రకారం రెండించుల లూజు కలిపి సుద్దతో గీత గీసి కత్తెర ఆడించాడు.

గురువారం మధ్యాహ్నం నజియా ఫోన్ చూసుకునేసరికి ఫిర్యాదులు వరస కట్టి ఉన్నాయి. మొదటిది ఖమ్మం టైలరుది. చొక్కాలు సంచుల్లా వస్తున్నాయట. రెండోది ముదిగొండ నుంచి. కొత్త పెళ్లికొడుకు షేర్వాణీలో అతనితో పాటు తోడల్లుడికి కూడా చోటుందట. పాఠం విననివాళ్లను బెంచీ ఎక్కించే అలవాటున్న మనిషి కదా, నజియా అందరికీ ఒకే జవాబు పెట్టింది: ‘ముందు టేపు సరిగ్గా పట్టుకోండి.’

టేపు పట్టుకోవడం రానివాళ్లందరూ టైలర్లెలా అయ్యారని ఆమె ఇంకా మండిపడుతుండగానే బొజ్జయ్య ఫోన్ చేశాడు.

“మేడం, మాస్టర్ ఉన్నడా?”

“నమాజుకు పోయిండు. ఏంది బొజ్జయ్యా, బట్టలు మంచిగున్నయా?”

“బట్టలు మంచిగనే ఉన్నయ్ మేడం. మేమే సరిపోతలేం. మా డోలు కొట్టేటోడు కోటు తొడుక్కున్నడు, లోపల ఉన్నడో లేడో తెల్వట్లే. ఎనుక నుంచి చూస్తె బట్టలారేసిన దండెం నడిచి పోతున్నట్టున్నది.”

“గంత లూజున్నదా?”

“ప్యాంటు ఒక చేత్తోటి పట్టుకోవాలె, బాకా ఒక చేత్తోటి ఊదాలె. క్లారినెట్టోడికి రెండు చేతులు కావాలె మేడం! వాడు ప్యాంటు పట్టుకుంటడా, పాట పట్టుకుంటడా? ఇంకో గంటల బరాత్ లేస్తది. మీ నాయినను జల్దీ పంపు. లేకుంటె మేమే మీ దుకాణం ముందటికొచ్చి ఊదుతం.”

నజియా కంప్యూటర్ ముందు కూలబడింది. ఈ కొలతలు ఆమె స్వయంగా తీసినవి. టేపు పట్టుకోవడం రాదని తనకు తాను జవాబు పెట్టుకోలేదు. ఒక మనిషి చీటీ తీసి, అసలు కొలతతో పోల్చి చూసింది. యాప్ తనంతట తానే రెండించుల లూజు కలుపుతోంది. దాని మీద జహూర్ ఇంకో రెండించులు కలిపాడు. లూజు కలపొద్దని ప్రోగ్రాంకు తాను మొదటి రోజే చెప్పి పెట్టింది. ఆ మాట ఎవరు మార్చారు?

కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో చరిత్రంతా ఉంటుంది. వెతికింది, దొరికింది. మార్పు పేరు: ‘అక్షర దోషాల సవరణ’. చేసినవారు సారంగపాణి.

“సార్, లూజు వరసలో ఏం దిద్దిండ్రు మీరు?” ఫోన్ ఎత్తగానే అడిగింది.

“అదా! ‘లూజు కలపొద్దు: అవును’ అని ఉందమ్మా అక్కడ. వద్దా? అవునా? ఏదో ఒకటి చెప్పాలి గదా. అదేం తెలుగు? శుభ్రంగా ‘లూజు కలపాలి: అవును’ అని దిద్దాను.”

“సార్! దిద్దితే అర్థమే మారిపాయె!”

“అర్థం సంగతి నాకు తెలియదు గానీ, వాక్యం బాగుపడింది గదమ్మా.”

“అది మనుషులు చదివేది కాదు సార్. లోపల ప్రోగ్రాం చదువుకునేది.”

“ప్రోగ్రాం అయితే మాత్రం? తప్పుడు తెలుగు చదివి ఏం బాగుపడుతుంది చెప్పు?” అన్నాడు సారంగపాణి. ఆయన గొంతులో పశ్చాత్తాపం లేదు సరికదా, ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన ఓపిక ఉంది. నజియా ఫోన్ పెట్టేసి వాసుకు చేసింది.

“అవ్ అక్కా, సారు మాట మార్చంగనే పరీక్షల ఎర్ర గుర్తు వచ్చింది. ప్రోగ్రాం పాత మాట కోసం ఎతుకుతున్నది, దొరుకుతలేదు. నేను దానికి కొత్త మాట చూపెట్టి, అదెట్ల చెప్తె అట్ల చెయ్యమన్న. పచ్చగైంది.”

“పచ్చగైతే సరిపాయెనా? ఎర్రగ ఎందుకైందో చూడొద్దా?”

“చూసిన గదక్కా. మాట మారిందని ఎర్రగైంది.”

“వాసూ, ఇద్దరు చూసినంకనే కలుపాలె అని రూలు ఎందుకు పెట్టిన? నువ్వు ఒక్కనివి చూసినవ్. రెండో మనిషి ఎవరు? ఎవరు కండ్లు మూసుకొని సరే అన్నరు?”

అవతల గనిలోకి దిగేవాళ్ల మాటలు వినిపించాయి.

“నువ్వే అక్కా” అన్నాడు వాసు గొంతు తగ్గించి.

నజియాకు గుర్తొచ్చింది. కాలేజీ పని మీద భద్రాచలం వెళ్తూ, గోదావరి బ్రిడ్జి మీద కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆ మార్పుకు సరేననేసింది. అక్షర దోషాలే కదా అని తెరవనైనా తెరవలేదు. కింద ‘చూశాను, చాలా బాగుంది’ అని కూడా రాసింది.

తన మీద తనకు వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో మనిషికి తెలియదు. నజియా దాన్ని సారంగపాణి మీద పెట్టింది. మార్పులు కలిపే అధికారం ఆయనకు తీసేసింది. రెండు అక్షరాల తేడాతో వచ్చిన ఈ తప్పును తానొక్కతే సరిదిద్ది, ఎవరికీ చూపించకుండా, అప్పటికప్పుడు ఇంకో రిలీజ్ వదిలేసింది.

వెంటనే వాసు ఫోన్. “గిదేంది అక్కా? ఎవ్వలు చూడకుండ వదిలినవ్? రూలు నీదే గదా?”

“పెట్టింది నేనే, పక్కకు పెట్టేది నేనే. బ్యాండోళ్లు ప్యాంట్లు పట్టుకొని నిలబడ్డరు ఆడ!”

“అట్లయితే గిది ఓపెన్ సోర్స్ అని చెప్పకక్కా. మీ నాయిన దుకాణం అని చెప్పు” అని వాసు కూడా పెట్టేశాడు.

జహూర్ నమాజు నుంచి వచ్చేసరికి కూతురు స్కూటీ మీద సూదులు, దారాలు, కత్తెర సర్దుకుని సిద్ధంగా ఉంది. వెనక కూర్చోబోతున్న తండ్రికి విషయం చెప్పింది. ఆయన అంతా విని, టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

“నువ్వు రిలీజ్ చేసినవ్, నేను కుట్టిన. ఇప్పుడు ఇద్దరం పోయి తన్నులు తినాలె. గంతేనా?”

“నువ్వు లూజు కలపకుండ ఉంటే గింత అయ్యేదా అబ్బాజాన్?”

“లూజు కలపకుంటె నన్ను టైలరంటరా? నువ్వు కలిపిన అని నాకు చెప్పినవా?”

బ్రిడ్జి దాటేదాకా తండ్రీకూతుళ్లు లూజు గురించే కొట్లాడుకున్నారు. దారిలో ఆమె జేబులో ఫోన్ మోగితే బండి ఆపి చూసింది. సారంగపాణి పెట్టిన బహిరంగ ప్రకటన అది. అవమానం జరిగిన చోట భాష నిలవదని, అందరికీ తెరిచి ఉన్న ఆ కోడ్‌కు తాను ఒక నకలు తీసుకుని ‘శుద్ధ కొలత’ పేరుతో వేరు కాపురం పెడుతున్నానని, అందులో ‘లూజు’ బదులు ‘వదులు’ ఉంటుందని ఆయన రాశాడు. ఒక్క అక్షర దోషం లేదు. నజియాకు మరింత మండింది.

భద్రాచలంలో ఎండ నిప్పులు చెరుగుతోంది. పెళ్లి వీధి మలుపు ఇంకా రాకముందే బాకాల మోత వినిపించింది. జహూర్ స్కూటీ ఆపమన్నాడు.

“బొజ్జయ్య మేళం కాదిది. వాళ్లు గింత గట్టిగ ఊదరు.”

మలుపు తిరిగి చూస్తే బొజ్జయ్య మేళమే. ఎర్ర కోట్లు తెరచాపల్లా గాలికి ఊగుతున్నాయి. ప్యాంట్లను నడుముల దగ్గర తాళ్లతో కట్టుకున్నారు. కోటు చేతులను రెండు మడతలు పెడితే లోపలి తెల్ల అస్తరు గుడ్డ బయటపడి కావాలని వేసిన పట్టీలా మెరుస్తోంది. డోలు కొట్టేవాడు చెయ్యి ఎత్తినప్పుడల్లా కోటు రెక్కలా లేస్తోంది. పెళ్లికొడుకు మేనమామలు రుమాళ్లు తిప్పుతూ రోడ్డంతా వాళ్లే అయి ఆడుతున్నారు.

బొజ్జయ్య వాళ్లిద్దరినీ చూశాడు. పాట మధ్యలో వదిలేసి గుంపును తోసుకుంటూ పరుగున వస్తున్నాడు. జహూర్ తొందరేమీ కనబడకుండా కూతురి వెనక్కి జరిగాడు.

“మాస్టర్! ఆ సూది లోపల పెట్టు!” అరిచాడు బొజ్జయ్య. “ఒక్క కుట్టు ముట్టుకున్నా ఊకోను, చెప్తున్న!”

“అరె, బొజ్జయ్యా, టైటు చేస్తం, పది నిమిషాల్ల...”

“ఎందుకు టైటు? ఇన్నేండ్ల సంది టైటు కోట్లేసుకొని సగం ఊపిరితోటే ఊదినం. రెండు వీధులు పోంగనే కండ్లు తిరిగేటియి. పోయినేడు మా క్లారినెట్టోడు పెండ్లి పందిట్లనే పడిపాయె, దవాఖానాకు తీస్కపోయినం. ఇయ్యాల చూడు! గాలి లోపటికి పోయి బయటికొస్తున్నది. పొట్ట నిండ ఊపిరి పట్టి ఊదుతున్నం. పెండ్లోళ్లు ఇంకో మూడు పెండ్లిండ్లు ఈడనే మాట్లాడుకున్నరు మాతోటి!”

జహూర్ కూతురి వెనక నుంచి ముందుకు వచ్చాడు. జేబులోంచి టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు.

“మరి ఏమనుకున్నవ్? ఎండాకాలం ఊదేటోళ్లు అని ఆలోచించే గట్ల కుట్టిన” అన్నాడు.

నజియా తండ్రి ముఖం వంక చూసింది. అందులో ఎక్కడా సిగ్గు అన్నది లేదు. ఆమె స్కూటీని విసురుగా ఇంటి వైపు తిప్పింది. ఆయన మాత్రం వెనక కూర్చుని బాకా పాట ఈల వేస్తూనే ఉన్నాడు.

బ్యాండువాళ్ల సంగతి వేరు, వాళ్లు ఊదేవాళ్లు కదా అని సర్దిచెప్పుకుని, తాను తప్పు దిద్దింది కాబట్టి మిగతావాళ్లు సంతోషిస్తారని ఆమె ఎదురుచూసింది. రెండు రోజులు గడిచాయి. ఫిర్యాదులు మళ్లీ వరస కట్టాయి. మొదటిది మళ్లీ ఆ ఖమ్మం టైలరుదే.

‘మొన్నటి లూజు ఏమైంది మేడం? సంచి అని తిట్టిన గిరాకే ఇంకో మూడు చొక్కాలు గట్లనే కావాలంటుండు. బస్సు డ్రైవరు, పొద్దంత కూసొనేటోడు. మీరు చెప్పకుండ తీసేస్తే ఎట్ల?’

నజియా కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. ‘అది తప్పు. తప్పును సరిచేశాం. తప్పే కావాలంటే మేమేం చెయ్యాలి?’ అని రాసింది. ఆ జవాబు కింద బొటనవేళ్లన్నీ నేల చూపులు చూశాయి. ముదిగొండ తోడల్లుడు కూడా వచ్చి ఒక వేలు పెట్టి పోయాడు.

సాయంత్రం వాసు తనే ఫోన్ చేశాడు. “అక్కా, కోపం చాలు. ఓటు పెడదం. లూజు కలపాలా వద్దా. కానీ ఇద్దరం ఒకటి–ఒకటైతే తెగదు. మూడో మనిషి కావాలె.”

మూడో మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు. నజియా చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి ఎర్రుపాలెం నంబరు నొక్కింది. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలా అని ఆమె వెతుక్కుంటుండగానే అవతలి గొంతు అందుకుంది.

“అమ్మా నజియా, నువ్వేనా! ఎంత మంచిదానివమ్మా. ‘శుద్ధ కొలత’ పెట్టిన దగ్గర్నుంచి, రెండు రోజులుగా ఒకటే ఫోన్లు. ఒకాయన ప్రింటర్ తిరగడం లేదంటాడు. ఒకావిడ జేబు ఎక్కడుందంటుంది. జేబుకు నేను వ్యుత్పత్తి చెప్పగలను గానీ ఎక్కడుందో ఎలా చెబుతాను? అసలు ఇవన్నీ ఇన్నాళ్లూ ఎలా భరించావు తల్లీ?”

ఈ ప్రశ్న ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. నజియా క్షమాపణకు మాటలు వెతుక్కోవడం మానేసింది.

“వచ్చెయ్యండి సార్. తప్పు నాది కూడా. చూడకుండ సరే అన్న.”

“వస్తాను. కానీ ఒక్క షరతు. ఈసారి రిలీజ్‌లో ఏమేం మారిందో చెప్పే వివరణ నేను రాస్తాను. అందులో ఎవరూ వేలు పెట్టకూడదు.”

నజియా ఒప్పుకుంది. ఓటు పెట్టారు. లూజు కలపాలని వాసు, సారంగపాణి చెయ్యెత్తారు. వద్దని నజియా ఒక్కతే. రూలు రూలే కనుక, ఓడిపోయిన చేత్తోనే ఆ మార్పు కోడ్ ఆమే రాసింది. మిగతా ఇద్దరూ ఈసారి ప్రతి వరసా చదివారు. సారంగపాణి కామాలను కూడా వదలకపోవడంతో దానికి ఆ రాత్రంతా పట్టింది. ఆదివారం పొద్దున మళ్లీ వాసు పచ్చ గుర్తు చెప్పాడు, మళ్లీ నజియా మీట నొక్కింది.

ఈసారి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఖమ్మం టైలరు దండం బొమ్మ పెట్టాడు. ఆమెకు మనసు కాస్త కుదుటపడి, లోకమంతా చదువుతున్న ఆ వివరణను తానూ తెరిచింది. చక్కటి తెలుగు. మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. కిందికి జరుపుతూ పోయింది.

‘కృతజ్ఞతలు’ అన్న శీర్షిక కింద మొదటి పేరు సారంగపాణిది, రెండో పేరు వాసుది, మూడో పేరు జహూర్ మాస్టరుది. నజియా పేరు ‘తెలిసిన లోపాలు’ కింద ఉంది.